ఉప్పు పొలంలో లేడీస్ రేస్

మొన్నామధ్య ఒక కాలేజీ వాళ్ళు డిబేట్‌కి జడ్జిగా రమ్మని పిలిచారు. ఆడవాళ్ళకి మాత్రమే అని విడిగా పెట్టే కార్ రేసులు, బైక్ రేసులు సమానత్వానికి మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్నది విషయం. ఈ వైపు నలుగురు, ఆ వైపు నలుగురు, మనిషికి మూడు నిమిషాలు. మూడు నిమిషాలు కాగానే గంట కొడతారు. పిల్లలు బాగానే మాట్లాడారు. ఫోన్లో చదివి వచ్చిన మాటలు, చేతులు ఊపడాలు, చప్పట్లు. చివర్లో మైకు నా చేతికిచ్చి, "మేడమ్, మీరు బైక్ రేసులు చేసినవారు కదా, ఒక్క మాటలో చెప్పండి. మేలా, కీడా?" అన్నారు.

ఒక్క మాటలో! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ప్రశ్నతోనే నా వయసులో మంచి ఏళ్ళు కొన్ని గడిచిపోయాయి. దాన్ని వీళ్ళు టిఫిన్‌లోకి ఇడ్లీ కావాలా, పూరీ కావాలా అన్నట్టు అడిగారు. ఏదో మర్యాదకి నాలుగు ముక్కలు మాట్లాడి బయటపడ్డాను. ఇంటికొచ్చినా కోపం తగ్గలేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ దీవుల్లో పుట్టిన మాలాంటి వాళ్ళం తెలుగు మాట్లాడినంత బాగా రాయలేం. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మాది డిగ్నాబాద్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఒక మేస్త్రీ వెంట ఓడెక్కి వచ్చి, పని అయిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. నాన్నకి బైకుల స్పేర్ పార్ట్స్ కొట్టు, దాని వెనకాలే రిపేరు షెడ్డు ఉండేవి. సునామీ వచ్చేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. అందరం వీధిలోకి పరిగెత్తి, ఊగడం ఆగాక ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం కూడా. కాసేపటికి కింద నుంచి కేకలు వినిపించాయి. మా ఇల్లు ఎత్తు మీద ఉంది కాబట్టి మేం బతికిపోయాం. షెడ్డు పల్లంలో ఉంది. నాన్న, నేను దిగి వెళ్ళేసరికి రిపేరుకొచ్చిన బళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, వాటి మధ్య చేపలు కొట్టుకుంటున్నాయి.

ఉప్పునీళ్ళు తాగిన ఇంజన్‌ని వెంటనే విప్పి కడగకపోతే లోపల అంతా పట్టేస్తుంది, ఇక అది తూకానికి అమ్ముకోవడానికే. ఊళ్ళో అలాంటి బళ్ళు ఎన్నో. నాన్న దగ్గర పనిచేసే ఇద్దరూ తమ వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. అమ్మ అన్నం మూట తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టి, "ఓలమ్మో, ఆడపిల్ల సేతులు సూడండి ఎలాగయిపోనాయో" అనేది తప్ప, నన్ను పని మానమనలేదు. నేను ఇంజన్ విప్పడం, నీళ్ళు వంపడం, డీజిల్‌తో కడగడం, మళ్ళీ బిగించడం నేర్చుకున్నది అప్పుడే. బాగైన బండిని నడిపి చూడాలి కదా. అలా బండి నడపడమూ వచ్చింది.

తర్వాత క్యాంపుల పని మొదలైంది. బ్రూక్షాబాద్ వైపు రేకుల షెల్టర్లు వేశారు. రోడ్లు కొన్నిచోట్ల నీళ్ళలో ఉండి పెద్ద బళ్ళు పోలేకపోయేవి. మందులు, పాలపొడి, కొవ్వొత్తులు బైకు మీద కట్టుకుని వెళ్ళేదాన్ని. ఆఫీసుల్లో వాళ్ళు కూడా, "బేటీ, చలా లోగీ? నడపగలవా? అయితే ఇది పట్టుకెళ్ళు" అనేవారు. ఆడపిల్లవి, నీకెందుకు అన్న మాట ఆ నాలుగైదు నెలలూ ఎవరి నోటా వినలేదు. పనికి మనుషులు చాలనప్పుడు ఆడా మగా తేడా ఎవరికీ కనిపించదు. మనుషులు సరిపోయాకే అందరూ కళ్ళజోడు పెట్టుకుని ఆ తేడా కోసం వెతుకుతారు. అది నాకు అప్పుడు తెలియదు.

సునామీతో మా వైపు భూమి కాస్త కిందికి దిగిపోయింది. ఊరికి దూరంగా ఖాడీ పక్కన వరిపొలాలు ఉండేవి. ఖాడీ అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. గట్లు తెగి, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు పొలాల్లోకి వచ్చేవి, ఆటుకి తిరిగి వెళ్ళిపోయేవి. వరి చచ్చిపోయింది. వానలు లేని నెలల్లో ఆ నేల ఎండి, పైన ఉప్పు పేరుకుని, సిమెంటు గచ్చులా గట్టిపడేది. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఒక ఆదివారం నలుగురు కుర్రాళ్ళు అక్కడ బైకు పందెం వేసుకున్నారు. తర్వాతి ఏడు ఇరవై మంది అయ్యారు.

ఆ పందేనికి ఒక రివాజు ఉండేది. పొలంలోకి ఖాడీ నీళ్ళు వచ్చే చోట ఒక మడచెట్టు కర్ర పాతి, మోకాలెత్తున దాని చుట్టూ ఎర్ర రంగు పూశారు. అందరూ దాన్ని లాల్ ఖూంటా, అంటే ఎర్ర గుంజ, అనేవారు. పందెం పది రౌండ్లు. కానీ పది పూర్తయినా కాకపోయినా, పోటు నీళ్ళు ఆ ఎర్ర రంగుని తాకితే పందెం అయిపోయినట్టే. అప్పటికి ఎవరు ముందుంటే వాళ్ళదే గెలుపు. తాకనంతసేపూ ఎవరూ ఆపకూడదు. నీళ్ళతో పాటు మొసళ్ళు కూడా వచ్చే ఖాడీ అది, కాబట్టి ఈ విషయంలో ఎవరూ వాదించేవారు కాదు. పోటు ఎన్నింటికో ముందే చూసుకుని, బాగా ఆటు ఉన్న వేళకి పందెం పెట్టుకునేవారు.

నేను మొదటి ఏడే వెళ్ళాను. నాన్న పాత బండి. మట్టిలో పట్టు ఉండే టైర్లు మెయిన్‌లాండ్ నుంచి షిప్‌లో రావాలి, ఎప్పుడొస్తాయో ఆ దేవుడికే తెలియాలి. అందుకని నాన్న మామూలు టైరునే కత్తితో గాట్లు కోసి తయారు చేశాడు. రెండో రౌండులో పీతల బొరియల్లో చక్రం దిగబడి ముందుకి ఎగిరిపడ్డాను. పెదవి చిట్లింది. ఒకరిద్దరు నవ్వారు. ఇద్దరు వచ్చి బండి లేపారు. రెండో ఏడు ఏడో స్థానం. అప్పటికి నాకు ఆ నేల చదవడం వచ్చింది. తెల్లగా ఉప్పు మెరిసే చోట గట్టి. బూడిద రంగున్న చోట పైకి బాగానే కనిపిస్తుంది, కింద అంతా బురదే. కుర్రాళ్ళు దగ్గరి దారని బూడిద మీదికి పోయి దిగబడుతుంటే, నేను చుట్టు తిరిగి తెల్ల మీద పోయేదాన్ని. మూడో ఏడు నాలుగో స్థానం వచ్చింది. మూడోవాడికీ నాకూ మధ్య ఒక్క బండి పొడవు ఎడం. ఆ మూడేళ్ళలో పేరు రాయించుకునే చోట ఆడా మగా అన్న అడ్డుగీత లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, అంతే.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మూడో ఏడు గట్టు మీద నిలబడి ఆరుగురు ఆడపిల్లలు పందెం చూశారు. అయిపోయాక నా చుట్టూ చేరారు. వాళ్ళకి బండి నడపడం వచ్చు, కానీ ఇరవై మంది మగపిల్లల మధ్య స్టార్ట్ గీత దగ్గర మోచేతులు తగులుతుండగా బయల్దేరాలంటే భయం. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరన్నది ఇంకో భయం. వాళ్ళలో ఆస్టినాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్ల ఉంది. వాళ్ళమ్మ చేపలమ్ముతుంది, మాలాగే శ్రీకాకుళం వైపు వాళ్ళు. "దీదీ, మాకు అలగ్‌గా, ఆడపిల్లలకే ఒకటి పెట్టించవా? ఒక్కపాలి స్టార్ట్ అలవాటు అయిపోతే, తర్వాత మేం కూడా మీతో వచ్చేస్తాం" అంది. నాకు ఎంతో నచ్చింది. నేనే కూర్చుని కమిటీకి అర్జీ రాశాను. పెద్ద రేసుకి ముందు ఆడపిల్లలకి ఒక చిన్న రేసు పెట్టండి, అందులో బాగా చేసినవాళ్ళు మరుసటి ఏడు పెద్ద రేసులోకి వస్తారు అని. సంతకం నాదే.

అప్పటికి పందెం పెద్దదైంది. కమిటీ ఏర్పడింది. దాని ప్రెసిడెంట్ మా తెలుగాయనే, కాంట్రాక్టర్. నాన్నకి పరిచయస్తుడు, నేను బాబాయీ అని పిలిచేదాన్ని. నా అర్జీ చదివి నా తల మీద చెయ్యి వేసి, "మంచి ఐడియా అమ్మా, బహుత్ అచ్ఛా" అన్నాడు. నేను పొంగిపోయాను.

నాలుగో ఏడు పోస్టర్లు వేశారు. పెద్ద రేసులో మొదటి ముగ్గురిని మెయిన్‌లాండ్‌కి పంపి, అక్కడి రేసింగ్ వాళ్ళ దగ్గర నెల రోజులు ట్రైనింగ్ ఇప్పిస్తారట. ఆ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. గట్టి ట్రాక్ మీద, అసలైన టైర్లతో, నేర్పే మనిషి పక్కన ఉండగా బండి నడపడం! నాకూ దానికీ మధ్య ఒక్క బండి పొడవే అడ్డు. ఆ వేసవి నుంచి నేను రోజూ ఆ పొలానికి వెళ్ళి తిరిగాను.

పేరు ఇవ్వడానికి వెళ్తే నోటుపుస్తకం లేదు. అచ్చు వేసిన ఫారాలున్నాయి, తెల్లవి మగవాళ్ళకి, గులాబీవి ఆడవాళ్ళకి. నేను తెల్లది అడిగాను. బాబాయి గులాబీది చేతిలో పెట్టాడు.

"ఇది కాదు బాబాయీ, పెద్ద రేసుది."

"సూడమ్మా, లేడీస్‌కి అలగ్ పెట్టినాం గదా. నువ్వే గదేటి అడిగినావు?"

"కొత్తగా వచ్చే పిల్లల కోసం అడిగాను. నేను పోయిన ఏడు నాలుగోదాన్ని."

"అప్పుడు లేడీస్‌ది నేదు, అందుకని మగోళ్ళల్లో ఎల్లనిచ్చినాం. ఇప్పుడు మీకు ఉంది గదా. రెండు సోట్లా తింటావేటి? టెన్షన్ మత్ లో. నువ్వే ఫస్ట్ వొస్తావు, మిక్సీ ఇస్తన్నాం."

మిక్సీ. మగవాళ్ళకి ఓడ టికెట్టు, ట్రైనింగు. మాకు పచ్చడి రుబ్బుకోవడానికి మిక్సీ. నేను అరిచాను. బల్ల మీద చెయ్యి వేసి కొట్టాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. అరిచే మనిషి ముందు నవ్వుతూ కూర్చునే మగాళ్ళని చూస్తే నాకు ఈ రోజుకీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చివరికి ఆయన ఫైలు తీసి నేను రాసిన అర్జీ చూపించాడు. నా సంతకం. నా చేతి రాత. దాన్ని తెచ్చి నాకే అడ్డం పెట్టాడు. గులాబీ ఫారం తీసుకుని వచ్చేశాను.

రేసు రోజు ఇంకో సంగతి తెలిసింది. మాది ముందు కాదు, తర్వాత. పెద్ద రేసు ఆటు బాగా ఉన్న వేళకి పెట్టుకున్నారు. నిరుడు నా వెనకాల వచ్చినవాడు మూడో స్థానం గెలిచి, కళ్ళెదుటే మెయిన్‌లాండ్ ఓడెక్కే అర్హత సంపాదించుకున్నాడు. వాడి తప్పేమీ లేదు, బాగానే నడిపాడు. ఆ తర్వాత ముఖ్య అతిథి మాట్లాడాడు. మహిళలు అన్ని రంగాల్లో ముందుకు రావాలని చాలాసేపు చెప్పాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నీళ్ళు కూడా ముందుకు వస్తున్నాయి. తొమ్మిది మంది ఆడపిల్లలం హెల్మెట్లు పెట్టుకుని ఎండలో నిలబడి, ఖాడీ వైపు చూస్తూ ఆ ప్రసంగం విన్నాం. ఎట్టకేలకి మమ్మల్ని పిలిచి, టైము లేదు కాబట్టి మూడే రౌండ్లు అన్నారు. మైకులో, "లేడీస్ లోగ్, జరా ధీరే చలాయియేగా" అని, మెల్లగా నడపమని జాగ్రత్త చెప్పారు. జనం నవ్వారు.

నేను ముందున్నాను. ఆస్టినాబాద్ పిల్ల నా వెనకే ఉంది. మూడో రౌండు అవగానే జెండా ఊపారు. నేను ఆగలేదు. ముందే అనుకున్నది కాదు. ఖూంటా వైపు చూశాను, నీళ్ళకీ ఎరుపుకీ ఇంకా జానెడు ఎడం ఉంది. తాకనంతసేపూ ఆపకూడదన్నది ఈ పొలంలో మా అందరి మాట. జెండాలూ గులాబీ ఫారాలూ నిన్న మొన్న వచ్చాయి. నేను పోనిచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల కూడా వస్తోంది, దాని వెనక ఇంకో ముగ్గురు. బాబాయి మైకులో "ఏయ్, బస్ కరో! రుకో! ఆగండమ్మా!" అని గొంతు చించుకుంటున్నాడు. ఇంకో మూడు రౌండ్లు తిరిగాం. ఖాడీ వైపు మలుపులో చక్రాల కింద నీళ్ళు రెండు పక్కలా లేచి మొహాన కొడుతున్నాయి. జనం ఇప్పుడు నవ్వడం లేదు, కేకలు వేస్తున్నారు. నీళ్ళు ఎరుపుని తాకాయి. ఐదుగురం అక్కడే ఆగిపోయాం. అంత ఆనందం నేను ఎప్పుడూ ఎరగను.

ఆ ఆనందం ఒక్క పూటే. లేడీస్ రేసు రద్దు చేశారు. డిసిప్లిన్ లేదని, ఆడవాళ్ళ ప్రాణాలకి తాము బాధ్యులం కాలేమని కారణం చెప్పారు. వచ్చే ఏడు నుంచి ఆడవాళ్ళకి ఏ రేసూ ఉండదని బోర్డు మీద అంటించారు. మూడేళ్ళపాటు ఎవరూ అడగకుండా మగవాళ్ళతో పాటు తిరిగిన పొలంలోకి ఇప్పుడు ఏ ఆడమనిషీ అడుగుపెట్టడానికి లేదు.

నేను దీన్ని వాళ్ళ నీచత్వం అనుకుని తిట్టుకుంటూ కూర్చున్నాను. రెండు రోజులకి ఆస్టినాబాద్ పిల్ల మా షెడ్డుకి వచ్చింది. వచ్చి, ఏడుపు ఆపుకుంటూ నా ఎదురుగా నిలబడింది.

"దీదీ, నువ్వు తీన్ సాల్ లడ్కా లోగ్‌తో తిరిగినావు. అందరూ నిన్ను ఎరుగుదురు. నాకేటుంది? ఆ మూడు రౌండ్లే ఉన్నాయి. మా అమ్మని ఒప్పించడానికే నాకు ఏడాది పట్టింది. వాటిని నువ్వు పోగొట్టేసినావు."

"నువ్వు కూడా ఆగలేదుగా!"

"నువ్వు ముందున్నావు కదా దీదీ. నీ ఎనక రావడానికే నేను రేసుకొచ్చినాను."

నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తే నన్నే అంటుందా అని దాని మీద అరిచి పంపేశాను. నాన్న స్పానర్ పక్కన పెట్టి, "ఆ పిల్ల సెప్పింది అబద్ధమేటి?" అని ఒక్క మాట అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ మాట నన్ను రెండు రోజులు తిననివ్వలేదు.

ఇప్పుడు చెప్పండి, మేలా, కీడా? ఆ రేసు లేకపోతే తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఆ పొలం మొహమే చూసేవారు కాదు. ఆ రేసు ఉండబట్టే నన్ను పెద్ద రేసులోంచి గెంటారు. రెండూ జరిగాయి, రెండూ నా అర్జీ వల్లే జరిగాయి. విడిగా రేసు పెట్టడంలో తప్పు లేదు. ఈదడం రానివాళ్ళని మొదట మోకాల్లోతు నీళ్ళలోకే దింపుతాం. కానీ దింపి, ఇక జన్మంతా మీ చోటు ఇదే, లోతు మాది అని గట్టు మీద కాపలా కూర్చుంటారే, అదీ అన్యాయం. "మీకు అలగ్ ఉంది కదా" అన్న మాట నేను ఆ తర్వాత బస్సుల్లో విన్నాను, ఆఫీసుల్లో విన్నాను, సంఘాల్లో విన్నాను. విన్న ప్రతిసారీ దాని వెనక ఒక తలుపు మూసుకుంటూనే ఉంది.

వారం తర్వాత నేనే ఆస్టినాబాద్ వెళ్ళాను. తప్పు నాది కూడా అని ఆ పిల్లకి చెప్పాను. అది నాకు కూర్చోవడానికి పీట వేసింది. తర్వాత, "దీదీ, ఆ పొలం ఎవరిదో నీకు తెలుసా?" అంది. నాకు తెలియదు. నాలుగేళ్ళు అందులో తిరిగి, దాని రంగులన్నీ చదవడం నేర్చుకుని, అది ఎవరిదని ఏనాడూ అడగలేదు. కమిటీ కూడా అడగలేదు. వరి చచ్చిన నేలకి యజమాని ఉంటారని మాలో ఎవరికీ తోచలేదు. ఆ పిల్లకి మాత్రం తెలుసు, ఎందుకంటే వాళ్ళమ్మ ఆ పొలం వాళ్ళ ఇంటికి చేపలు వేస్తుంది.

పొలం ఒక ముసలామెది. బెంగాలీ సెటిలర్ కుటుంబం ఆవిడ, భర్త పోయి చాలా ఏళ్ళయింది. పొలం గట్టుకి అవతల రేకుల ఇల్లు. నేనూ ఆ పిల్లా వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని పోకకాయలు ఒలుస్తోంది. మా మొహాలు చూడకుండానే తన యాస హిందీలో మాట్లాడింది. "ఇక్కడ వరి పండేటప్పుడు గట్టు మీద కాలు పెట్టాలన్నా మమ్మల్ని అడిగేవారు. ఇప్పుడు ఉప్పు పండుతోందని ఎవరూ అడగరు. పెద్ద పెద్ద మాటలు మైకులో చెప్తారు, నా నేల మీద నిలబడి. నువ్వూ నాలుగేళ్ళు తిరిగావు. నువ్వూ అడగలేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అన్యాయం, అన్యాయం అని ఊరంతా అరిచి వచ్చిన దాన్ని నేను. క్షమించమని అడిగాను. ఆమె క్షమించానని అనలేదు గానీ, మమ్మల్ని కూర్చోమని టీ పెట్టింది. ఆ రోజు తిరిగినవాళ్ళలో చివరి బండి ఎవరిదని అడిగింది. నీళ్ళలో కూడా అది ఆగలేదని, చూస్తుంటే తనకి ముచ్చటేసిందని చెప్పింది.

మరుసటి ఏడు కమిటీ వాళ్ళు పొలం చదును చేయించడానికి మనుషులతో వచ్చేసరికి, ఆమె గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. పొలం కాగితాలు ఒళ్ళో ఉన్నాయి, పక్కన నేనూ ఆ పిల్లా నిలబడ్డాం. రోడ్డుకి అంత దగ్గరగా, అంత చదునైన నేల వాళ్ళకి ఇంకోటి దొరకదు. ఆమె షరతులు రెండే. ఆడపిల్లల రేసు మళ్ళీ ఉండాలి, మగవాళ్ళ కన్నా ముందు, ఆటు బాగా ఉండగా. పెద్ద రేసులోకి రాగలిగిన ఆడపిల్లని ఎవరూ ఆపకూడదు. బాబాయి చాలాసేపు బేరమాడాడు. చివరికి, లేడీస్‌లో మొదటి ఇద్దరినీ పెద్ద రేసులోకి రానిస్తామన్నాడు. తన వైపు నుంచి ఒక్క షరతు పెట్టాడు. జెండా ఊపినా ఆగని ఆ మనిషి, అంటే నేను, ఇక ఈ పొలంలో బండి ఎక్కకూడదు. లేకపోతే తన మాటకి విలువేముంటుంది అన్నాడు.

ముసలామె నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు, నువ్వు కాదంటే నేనూ కాదంటాను" అంది.

నేను వెంటనే సరే అనేశానని రాస్తే గొప్పగా ఉంటుంది. అనలేదు. గట్టు చివరిదాకా నడిచి వెళ్ళి, తెల్లగా మెరుస్తున్న ఆ నేల చూస్తూ నిలబడ్డాను. నాకు ఇరవై మూడేళ్ళు. ఓడెక్కి వెళ్ళి గట్టి ట్రాక్ మీద నడపాలన్న ఆశ ఇంకా చావలేదు. ఆయన మాట విలువ కాపాడటానికి నేను బండి దిగాలట! తిరిగి వచ్చి సరే అన్నాను. ఇష్టపడి ఇచ్చానని ఎవరైనా అంటే వాళ్ళతో ఇప్పుడైనా పోట్లాడతాను. అది త్యాగం కాదు. నా దగ్గర లాక్కున్నారు, లాక్కుంటున్నప్పుడు ఆ పిల్ల చేతిలో కాస్త పడేలా చూసుకున్నాను, అంతే.

ఆ ఏడు లేడీస్ రేసులో పదమూడు మంది వచ్చారు. ఆస్టినాబాద్ పిల్ల మొదట వచ్చింది. రెండో స్థానం వచ్చిన అమ్మాయి, ఇంట్లో ఒప్పుకోలేదని పెద్ద రేసుకి రాలేదు. గంట తర్వాత పెద్ద రేసులో పద్నాలుగు బళ్ళు నిలబడితే, అందులో ఒక్కటే ఆడపిల్లది. నేను గట్టు మీద నుంచి, "తెల్ల మీద పో! తెల్ల మీద!" అని గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాను. మొదటి మలుపులో ఒకడు అడ్డం వచ్చి దాన్ని బూడిద మీదికి నెట్టాడు. దిగబడింది. అందరికన్నా వెనకబడింది. లాగి, తీసి, మళ్ళీ బయల్దేరింది. ఒక్కొక్కడినీ దాటుకుంటూ పది రౌండ్లూ పూర్తి చేసి తొమ్మిదో స్థానంలో వచ్చింది. ఐదుగురు మగపిల్లలు దాని వెనక ఉన్నారు. మామూలు తొమ్మిదో స్థానం అది. కప్పు రాదు, ఓడ టికెట్టు రాదు.

ఫలితాలు చదివేటప్పుడు మొదటి ముగ్గురి పేర్లూ అయ్యాక, బాబాయి గొంతు మెత్తగా చేసుకుని, "ఔర్ ఇస్ రేస్ మే, లేడీస్ మే ఫస్ట్ ప్లేస్..." అని దాని పేరు చదివి, కప్పడానికి శాలువా విప్పి, స్టేజీ మీదికి రమ్మన్నాడు. పెద్ద రేసులో ఉన్న ఆడపిల్ల అదొక్కతే. ఒక్కరే ఉన్న పందెంలో మొదటి స్థానం! జనం చప్పట్లు కొట్టారు. ముసలామె మాత్రం కొట్టలేదు, నేనూ కొట్టలేదు.

ఆ పిల్ల ఒళ్ళంతా బురదతో స్టేజీ ఎక్కింది. శాలువా తీసుకోలేదు. బాబాయి చేతిలోని కాగితం వైపు చూపించి, మైకులో అందరికీ వినిపించేలా అంది:

"అంకుల్, లేడీస్‌లో ఫస్ట్ కాదు. నాది నౌవా నంబర్. నా ముందు ఎనిమిది మంది, నా ఎనక ఐదుగురు ఉన్నారు. ఆళ్ళందరివీ సదవండి. మధ్యలో నాది తొమ్మిది అని సదవండి."